ఒంటిగంటకి బయల్దేరే బండి

షెడ్డు తాళం తీశాక మేస్త్రి వెంటనే లోపలికి పోడు. ఆ తాళాన్ని పట్టుకుని ఇంకోసారి లాగి చూస్తాడు. తీసేసిన తాళాన్ని లాగి చూడడం ఏమిటని ఎవరైనా అడగొచ్చు. చెయ్యి ఊరుకోదు, అంతే. చక్రానికి ఆరు నట్లుంటే ఆరూ బిగిస్తాడు. టీ తాగుతూ తాగుతూ గ్లాసు సగంలో కింద పెట్టి వెళ్లి మళ్లీ బిగిస్తాడు. బండి స్టార్టయ్యాక కిటికీలోంచి చెయ్యి పెట్టి, "ఒక్క నిమిషం, ఇంకోసారి చూస్తా" అంటాడు. అందుకే ఎదురుగా మేస్త్రి అని పిలిచినా, చాటున ఊళ్లో ఆయన పేరు 'ఇంకోసారి'. "ఇంకోసారికిచ్చావా బండి? అయితే వచ్చే వారం కనిపిస్తావన్నమాట" అని నవ్వుకుంటారు. నవ్వుకుంటూనే అందరూ ఆయన దగ్గరికే తెస్తారు.

ఇంట్లో ఆయన భార్య పడే బాధలు వేరు. ఉప్పు డబ్బా కానీ, నూనె సీసా కానీ, ఆయన చెయ్యి పడ్డ మూత ఇంకొకరికి రాదు. షెడ్డులో నట్టు బిగించాక నట్టు మీంచి బోల్టు మీదికి తెల్ల పెయింటుతో ఒక సన్న గీత గీస్తారు. నట్టు కదిలితే గీత తెగి కనిపిస్తుంది. పనివాళ్లందరూ చేసేదే. ఈయన ఆ పెయింటు డబ్బా ఇంటికి కూడా తెచ్చి కుళాయిలకీ, కిటికీ గడియలకీ, గ్యాసు పొయ్యికీ గీతలు పెట్టాడు. "నా మెడకి కూడా ఒకటి పెట్టండి, అటూ ఇటూ తిప్పితే తెలుస్తుంది" అంది భార్య ఒకరోజు. ఆయన నవ్వకుండా ఆమె మెడ వైపు చూశాడు.

షెడ్డులో ముందు సగం ఆమెది. పెద్ద కుట్టుమిషను పెట్టుకుని సీటు కవర్లు, స్టెప్నీలకి గుండ్రటి రెక్సిన్ తొడుగులు కుడుతుంది. వెనక సగం ఆయనది. ఆ వారం వెనక సగంలో ఉన్నది పశువుల డాక్టరమ్మ బండి.

ఎత్తైన బండి. కొండదారుల్లో, ఏటి ఇసకలో తిరిగి తిరిగి రంగు వెలిసింది. అది మధ్యాహ్నం ఒంటిగంటకి తనంతట తానే బయటికి వెళ్తుంది. లోపల ఎవరూ ఉండరు. రెండున్నరకల్లా ఎక్కడిదో మట్టి టైర్లకి పూసుకుని తిరిగొచ్చి తన చోట్లో నిలబడుతుంది. డాక్టరమ్మ ఆ గంటన్నరలో భోంచేసి కాస్త నడుం వాలుస్తుంది. ఆ వేళప్పుడు ఎవరైనా గేదెకి బాగాలేదని వస్తే, "బండి బయటికెళ్లింది, రెండున్నరకి పోదాం" అంటుంది. వాళ్లు సరేనని గుమ్మంలో కూర్చుంటారు. కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఖాళీ బండి రావడం చూసి మిగతావాటిని ఆపి దారిస్తాడు. ఇండికేటరు వెయ్యకుండా తిరిగిన రోజున మాత్రం విసుక్కుంటాడు.

ఆ తిరుగుళ్ల వల్లే చిక్కొచ్చింది. స్టెప్నీ బండి పొట్ట కింద వేలాడేది. రాళ్లకి రాసుకుని రాసుకుని ఒకరోజు తెగి ఎక్కడో పడిపోయింది.

"ఈసారి పొట్ట కింద వద్దు మేస్త్రీ, వీపు మీద కట్టండి" అంది డాక్టరమ్మ కొత్త చక్రం దొర్లించుకొచ్చి. "నెలంతా కొండల్లో టీకాల తిరుగుడు. స్టెప్నీ లేకుండా పోలేను. వెనక తలుపుకి బిగించేస్తే సాయంత్రానికి అయిపోదూ?"

"తలుపు అంత బరువు మొయ్యదమ్మా. నెల తిరిగేసరికి జారిపోయి మూత పడదు. క్యారియర్ కట్టాలి. రెండ్రోజులు పడుతుంది."

రెండ్రోజులన్నది నిజమే. మామూలు మేస్త్రికి రెండ్రోజులు. బంపరు కుడి మూలలో ఛాసీకి పట్టేలా ఒక లావు కడ్డీ, దాని మీద బేరింగులు, ఆ బేరింగుల మీద తలుపులా తిరిగే ఇనప చెయ్యి, చేతి మధ్యలో చక్రం, ఎడమ మూలలో గడియ. ఇనప చేతిని గడియ వైపు వేలెడు ఎత్తు పెట్టి కట్టాలి. సమంగా కట్టినవాడి పని చక్రం ఎక్కించగానే కిందికి వాలిపోతుంది. వేలెడు ఎత్తు కట్టిన పని చక్రం బరువుకి దిగి సరిగ్గా గడియలో కూర్చుంటుంది. మేస్త్రి మొదటిసారే వేలు పెట్టి కొలిచినట్టు కట్టాడు. నంబరు పలక చక్రం చాటున పడకుండా పక్కకి జరిపాడు, లైట్ల వైర్లు లాగాడు, గడియ దగ్గర గడగడలాడకుండా రబ్బరు ముక్క పెట్టాడు. రెండో రోజు సాయంత్రానికి పని అయిపోయింది.

అయిదో రోజు నడుస్తోంది. బండి ఇంకా షెడ్డులోనే ఉంది.

పని మధ్యలో ఒంటిగంటకి వెళ్లిపోతుందని మొదటిరోజే దాన్ని గొలుసుతో షెడ్డు స్తంభానికి కట్టాడు. కొత్త చక్రం ఎక్కాక గొలుసుని ఆ చక్రం సందులోంచే తెచ్చి తాళం వేశాడు. అప్పట్నుంచి ఒంటిగంటయ్యేసరికి బండి నిలవలేకపోతోంది. వైపర్లు చిన్నగా కదులుతాయి, అద్దాలు వణుకుతాయి, ముందుకి జానెడు జరిగి గొలుసు బిగిసి ఆగుతుంది. మేస్త్రీ అంతే. కూర్చుంటాడు, లేస్తాడు, పానా తీస్తాడు, పెడతాడు. కుట్టుమిషను దగ్గర్నుంచి ఆయన భార్య ఇద్దర్నీ చూసి, ఎవర్ని కట్టెయ్యాలో ఎవర్ని విప్పాలో తెలియడం లేదు అనుకునేది.

ఈ ఇంకోసారి జబ్బు ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. పదకొండేళ్ల కిందటిది. ఆయన అక్క మొగుడు, అంటే బావ, పంచరైన జీపుతో షెడ్డుకొచ్చాడు. తొందరలో ఉన్నాడు. మేస్త్రి వెనక ఎడమ చక్రం విప్పి, పంచరు వేసి, బండి జాకీ మీద ఉండగానే నట్లు బిగించి, జాకీ దింపాడు. చక్రం గాలిలో ఉన్నప్పటి బిగింపు బిగింపు కాదు. కిందికి దించి, బరువు పడ్డాక మళ్లీ బిగించాలి. పని నేర్చుకునేవాడికి మొదటిరోజు చెప్పే మాట అది. జాకీ దింపడం మేస్త్రికి గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది, బావ చెయ్యి ఊపుతూ వెళ్లిపోవడం. ఈ రెంటికీ మధ్య ఏమీ లేదు. ఏటికి ముందున్న మలుపులో ఆ చక్రం ఊడి జీపు తిరగబడింది. బావకి ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

ఆస్పత్రి వరండాలో అక్క ఒకే మాట అడిగింది. "బిగించావా?"

"బిగించాను" అన్నాడు, ఆమె మాట పూర్తయ్యీ కాకముందే.

అంతే, ఆ తర్వాత అక్క మొహం చూడలేకపోయాడు. అక్క ఊరు ఏటికవతల, అరగంట కూడా పట్టదు. ఆమె రెండుసార్లు షెడ్డుకొచ్చింది. రెండుసార్లూ ఈయన ఏదో బండి కింద దూరి, వెళ్లిపోయేదాకా బయటికి రాలేదు. ఆమె రావడం మానేసింది. కట్టిన బండినల్లా యాభై కిలోమీటర్లు నడిపి మళ్లీ బిగించి చూసుకోవడం ఆయన పద్ధతి. ఆ యాభై కిలోమీటర్లూ ఊళ్లోనే వాటర్ ట్యాంకు చుట్టూ తిరిగి తిరిగి పూర్తి చేస్తాడు. ట్యాంకు దాటితే ఏటి రోడ్డు. అటు పోడు.

అయిదో రోజు పొద్దున డాక్టరమ్మ వచ్చింది. క్యారియర్ చుట్టూ ఓసారి తిరిగి చూసింది.

"బాగుంది మేస్త్రీ. ఇక ఇచ్చెయ్యండి."

"ఇంకోసారి చూసి..."

"ఇవాళ మూడింటికొస్తాను. మందుల పెట్టెలు సర్దేశాను. బోల్టులు బిగిసినా సరే, ఊడినా సరే, మూడింటికి బయల్దేరతాను." ఆమె కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బావుండేదనిపించింది ఆయనకి.

ఆమె వెళ్లగానే మేస్త్రి పానా తీశాడు. మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. ఛాసీ బోల్టులు, బేరింగు మూత, గడియ, ఒక్కోటీ చూసి, తెల్ల గీతలు తుడిచి, కొత్త గీతలు పెట్టాడు. చివర్లో చక్రాన్ని క్యారియర్‌కి పట్టుకునే ఆరు నట్లు మిగిలాయి. వాటికి ఆయన పరీక్ష వేరే ఉంది. బంపరెక్కి, ఎడమచెయ్యి చక్రానికి చుట్టి, తన బరువంతా వేసి వేలాడుతూ కుడిచేత్తో బిగిస్తాడు. బరువు మీద బిగించాలి కదా మరి.

ఆయన భార్య రెక్సిన్ తొడుగు పట్టుకొచ్చింది. "కాస్త ఆగండి, ఇది సరిపోతుందో లేదో చూడాలి. ఈ గొలుసు చక్రంలో ఉంటే ఎలా తొడగను?"

"తాళంచెవి జేబులో ఉంది" అన్నాడు ఆయన రెండో నట్టు బిగిస్తూ, ఇటు తిరక్కుండానే.

ఆమె ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, తాళం విప్పి, గొలుసు చక్రంలోంచి లాగి పక్కన పడేసింది. ఆయన మూడో నట్టు బిగించాడు. గోడ గడియారం ఒంటిగంట కొట్టింది.

బండి మెల్లగా, ఎవరినో లేపకూడదన్నట్టు, బయటికి జరిగింది.

"ఏయ్, ఏయ్, పట్టుకో" అన్నాడు మేస్త్రి.

"దేన్ని పట్టుకోను? రెండున్నరకి వచ్చేస్తుందిగా" అంది ఆమె. తొడుగు మడిచి చంకలో పెట్టుకుని, ఆయన మలుపు తిరిగేదాకా చూసి, చేతులు కడుక్కోడానికి వెళ్లింది.

చక్రాన్ని కావలించుకుని వెనక వేలాడుతూ పోతున్న మేస్త్రిని చూసి ఊళ్లో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఏం మేస్త్రీ, భోజనమైందా?" అన్నాడు మందుల కొట్టతను. ట్రాఫిక్ పోలీసు మిగతావాళ్లని ఆపి, "ఇవాళ ఇండికేటరు వేసింది, మీరు చెప్పారా?" అని మెచ్చుకున్నాడు. మేస్త్రికి జవాబిచ్చే తీరిక లేదు. తను కట్టిన పని రోడ్డు మీద ఎలా నడుస్తుందో ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. గతుకు వచ్చినప్పుడల్లా ఇనప చెయ్యి కాస్త ఊగి గడియలో కుదురుకుంటోంది. గీతలు తెగలేదు.

వాటర్ ట్యాంకు వచ్చింది. ఆయన ఒళ్లు అలవాటుగా కుడివైపు వాలింది. బండి కుడికి తిరగలేదు. నేరుగా ఏటి రోడ్డు పట్టింది.

మేస్త్రి కిందికి చూశాడు. దూకేద్దామనుకున్నాడు. బండి వేగంగా ఏమీ పోవడం లేదు, దూకినా పెద్ద దెబ్బ తగలదు. అయితే ఆరు నట్లలో మూడే బిగించాడు. ఇంకా మూడున్నాయి. వాటిని అలా వదిలేసి దూకడం ఆయన వల్ల కాలేదు. కదులుతున్న బండి మీద పానా పట్టించబోతే అది జారి మోచేతికి తగిలింది. మలుపు దగ్గర పడుతుంటే కళ్లు మూసుకున్నాడు. బండి అక్కడ బాగా నెమ్మదించింది. ఆయన చెవులు చక్రాల మీదే ఉన్నాయి. నాలుగు చక్రాలూ మలుపు దాటాయని చప్పుడుని బట్టి తెలుసుకున్నాక గానీ కళ్లు తెరవలేదు. అప్పటికి ఏటి ఇసక వచ్చేసింది.

అవతలి ఒడ్డున నాలుగిళ్లు దాటాక, ఒక రేకుల పంచ ముందు, నీడలోకి వెళ్లి బండి ఆగింది. ఇంజను ఆగిపోయింది. ఆ నీడ దానికి బాగా తెలిసినట్టుంది.

ఇంట్లోంచి అక్క బకెట్టు, గుడ్డ పట్టుకుని వచ్చింది. జుట్టు చాలా నెరిసింది. "నాలుగు రోజులు ఎక్కడ చచ్చావే? వేళకి వచ్చేదానివి" అని బండిని తిడుతూ ముందు అద్దం తుడిచింది, దీపాలు తుడిచింది. తుడుచుకుంటూ వెనక్కి వచ్చి ఆగింది.

"వెనక కొత్తగా ఏదో తగిలించారే అనుకున్నాను" అంది. "నువ్వా?"

మేస్త్రి చక్రాన్ని ఇంకాస్త గట్టిగా కావలించుకున్నాడు.

"దిగరా. చక్రం ఎక్కడికీ పోదు."

దిగాడు. పంచలో బావ కూర్చుని తేనెటీగల పెట్టెకి చెక్కలు కొడుతున్నాడు. ఎండ వేళ కావడంతో కట్టుడు కాలు తీసి గోడకి ఆనించాడు. మేస్త్రి కళ్లు మొదట దాని చీలమండ దగ్గరున్న బోల్టు మీద పడ్డాయి. అది కాస్త వదులుగా ఉంది. చేతిలో పానా దానంతటదే లేచింది.

"దాన్ని వదిలెయ్" అన్నాడు బావ తలెత్తకుండానే. "ముందు కూర్చో."

కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. అక్క నీళ్లు తెచ్చిచ్చింది. గ్లాసు పట్టుకుని, తాగకుండా, నేల చూస్తూ మొదలుపెట్టాడు.

"అక్కా, ఆరోజు ఆస్పత్రిలో అడిగావు. బిగించానన్నాను." గ్లాసు కింద పెట్టాడు. "నాకు తెలీదక్కా. జాకీ దింపాను. ఆ తర్వాత బిగించానో లేదో గుర్తు లేదు. నువ్వు అడిగినప్పుడే గుర్తు లేదు. బిగించానని నోట్లోంచి వచ్చేసింది. అప్పట్నుంచీ వెతుకుతూనే ఉన్నాను, ఎంత వెతికినా దొరకడం లేదు."

అక్క గుడ్డ పిండింది. నీళ్లన్నీ పోయాక కూడా పిండుతూనే ఉంది.

"తెలుసు" అంది. "నిన్ను నేను ఎత్తుకు పెంచాను. ఏదడిగినా గుర్తున్నదైతే కాసేపు ఆలోచించి చెప్తావు. ఆరోజు ఆలోచించలేదు. సరే, భయపడ్డాడు, రెండ్రోజుల్లో వచ్చి చెప్తాడనుకున్నాను." ఆమె గొంతు పెరిగింది. "నేనే వచ్చాను. రెండుసార్లు. బండి కింద దూరావు. చెప్పులు బయటే కనిపిస్తున్నాయి కదరా. ఆ చెప్పులు చూస్తూ గంటసేపు కూర్చున్నాను నేను. ఈయన కాలు పోయిందని ఏడ్చినదానికంటే దానికెక్కువ ఏడ్చాను."

మేస్త్రి ఏడుస్తున్నాడు. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

బావ నోట్లో పెట్టుకున్న మేకు తీశాడు. "నన్నడిగితే నాకూ తెలీదు. నేనటు తిరిగి సిగరెట్టు కాలుస్తున్నాను. మొదట రెండేళ్లు నువ్వు కనబడితే కొడదామనే అనుకున్నాను. నువ్వేమో రావు. కొట్టాల్సినవాడు రాకపోతే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో చెప్పు. ఇంట్లో పెట్టుకుంటే ఈమె తిట్టేది."

"ఇప్పుడు కొట్టు బావా."

"ఇప్పుడు ఓపిక లేదు. భోంచెయ్."

ముగ్గురూ పంచలోనే తిన్నారు. మేస్త్రి తినడం మధ్యలో రెండుసార్లు బండి వైపు చూశాడు. అక్క అది కనిపెట్టి కంచంలో ఇంకాస్త వడ్డించింది. రెండు కొట్టేసరికి బండి అద్దాలు చిన్నగా వణకడం మొదలైంది.

మేస్త్రి చెయ్యి కడుక్కుని గబగబా లేచాడు. "మూడు నట్లు మిగిలాయి. దారంతా గతుకులు. బిగించినవి కూడా వదులయ్యుంటాయి, ఇంకోసారి..."

"పానా ఇటివ్వు" అన్నాడు బావ.

కట్టుడు కాలు తొడుక్కుని, పట్టీలు బిగించుకుని లేచాడు. నడుస్తుంటే చీలమండ దగ్గర కిర్రుమంటోంది. బండి వెనక్కి వెళ్లి, చక్రం మీద ఒక చెయ్యి వేసి, నట్ల వంక కాసేపు చూశాడు. ఒకటి, దాని ఎదురుది, మళ్లీ ఒకటి, దాని ఎదురుది, అలా ఆరూ బిగించాడు. ఒక్కోదానికీ బరువంతా వేసి తోశాడు. ఎంత గట్టిగా తోశాడో పక్కనున్నవాడికి తెలియదు, తోసినవాడికే తెలుస్తుంది. మేస్త్రి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. అక్క ఆ చేతుల్నే చూస్తోంది.

"అయింది" అన్నాడు బావ ఊపిరి పీల్చుకుని. పానా వెనక్కిచ్చాడు. "కావాలంటే చూసుకో. నేనేమీ అనుకోను."

మేస్త్రి పానా అందుకున్నాడు. ఆరు నట్లు ఎదురుగా ఉన్నాయి, చెయ్యి చాస్తే అందుతాయి. పానా పట్టుకుని అలా నిలబడి ఉండగానే బండి ఇంజను స్టార్టయింది.

"వద్దులే బావా" అన్నాడు. వెళ్లి ముందు సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు.

దారి పొడుగునా వెనక నుంచి చప్పుళ్లు వస్తూనే ఉన్నాయి. రబ్బరుదో, గడియదో, నట్టుదో ఆయనకి తెలియలేదు. ఏటి మలుపులో బండి నెమ్మదించి, దాదాపు ఆగింది. దిగుతాడేమోనని చూసినట్టుంది. మేస్త్రి పానా తొడల మధ్య పెట్టుకుని, "పోనీ" అన్నాడు. పోయింది.

రెండున్నరకి షెడ్డు చేరేసరికి డాక్టరమ్మ ముందే వచ్చి ఉంది. మందుల పెట్టెలు గుమ్మంలో దించింది. మేస్త్రి భార్య రెక్సిన్ తొడుగు పట్టుకుని ఆయన మొహం చూసింది. చక్రానికి తొడుగు వేసింది. సరిగ్గా సరిపోయింది.

డాక్టరమ్మ పెట్టెలు ఎక్కించుకుని, స్టీరింగు ముందు కూర్చుని తల బయటికి పెట్టింది. "అన్నీ బిగించారా మేస్త్రీ?"

మేస్త్రి వెంటనే జవాబు చెప్పలేదు. డాక్టరమ్మ ఇంజను స్టార్ట్ చెయ్యకుండా ఆగింది.

"మిగతావన్నీ నేనే బిగించానమ్మా. చక్రం నట్లు ఆరూ చివర్లో మా బావ బిగించాడు."

"గట్టిగా బిగించాడా?"

"తెలీదమ్మా. నేను ఇంకోసారి చూడలేదు."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి చేతిలో పానా ఆమెకిచ్చాడు. "యాభై కిలోమీటర్లు పోయాక ఎక్కడైనా నీడలో ఆపి మీరే బిగించుకోండి. ఒక్కసారి చాలు."

డాక్టరమ్మ సరేనని పానా పక్క సీట్లో పెట్టుకుని బయల్దేరింది.